తీరికకూ ఒక దారి ఉండాలి

దంపతులిద్దరూ తీరిగ్గా ఊళ్లు తిరుగుతున్నారంటే చూసేవాళ్లకు రెండే కారణాలు తడతాయి. డబ్బుండి ఉండాలి, లేదా బాధ్యతలు తీరి ఉండాలి. ఇంగ్లండ్‌లో ఉంటూ సెలవు రోజుల్లో పల్లెదారులూ, కాస్త ఎక్కువ సెలవు దొరికినప్పుడు యూరప్ రైళ్లూ పట్టుకుని తిరిగే మా ఇద్దరికీ ఆ రెండు కారణాలూ చాలవనిపిస్తుంది. తీరిక మనిషి మనసులోనో జేబులోనో ఉండటానికి ముందు నేల మీద ఉండాలి. నడిచేవాళ్లను ఎవరూ అడ్డగించని బాట, చెప్పిన వేళకు వచ్చే రైలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏరు దాటించే పడవ ఉన్నచోట మామూలు జీతగాళ్లు కూడా నెమ్మదిగా తిరగగలరు. అవి లేనిచోట ఎంత ఉన్నవాళ్లయినా కారు డ్రైవరు తొందరను భరించవలసిందే. ఈ మాట ఒక దారి వెంట నడుస్తూ చెప్పడమే సులువు. ఆ దారి ఉత్తర ఇంగ్లండ్‌లోని ఈడేల్ అనే చిన్న పల్లెలో మొదలై, రైన్ నది ఒడ్డున సాగి, ఆల్ప్స్ దాటి, ఇటలీ సరిహద్దు పట్నం తిరానోలో దిగుతుంది.

మాంచెస్టర్ నుంచి గానీ షెఫీల్డ్ నుంచి గానీ హోప్ వ్యాలీ లైనులో బండెక్కితే గంట లోపే ఈడేల్. 1965లో తెరిచిన పెన్నైన్ వే అనే 430 కిలోమీటర్ల నడకదారి ఇక్కడే మొదలవుతుంది. ఒక్కరోజు యాత్రకు అంత అక్కర్లేదు. హాలిన్స్ క్రాస్ కనుమ ఎక్కి, గట్టు వెంబడి 517 మీటర్ల మామ్ టోర్ శిఖరం చేరి, అవతలి వైపు కాసిల్టన్ ఊళ్లోకి దిగి, హోప్ స్టేషన్‌లో తిరుగు బండి పట్టుకుంటే రోజు నిండిపోతుంది. దారిలో చాలా భాగం ఎవరో రైతు గొర్రెల బీడు మధ్య నుంచే పోతుంది. కంచె వచ్చినచోట ఎక్కి దిగడానికి మెట్లుంటాయి, లేదంటే మనిషి పట్టి పశువు పట్టని గేటుంటుంది. గేటు మూసి వెళ్లడం, కుక్కను పట్టుకుని నడవడం మన బాధ్యత. దారి ఇవ్వడం రైతు దయ మీద ఆధారపడదు, అది చట్టం. ఆర్డ్‌నెన్స్ సర్వే వారి పెద్ద స్కేలు పటంలో ఆ బాటలన్నీ ఆకుపచ్చ గీతలుగా కనిపిస్తాయి. ఇంగ్లండ్, వేల్స్ రెండింటిలో కలిపి అలాంటివి రెండు లక్షల కిలోమీటర్లకు పైనే ఉన్నాయి.

ఈ గీతలు ఊరికే పటం మీదికి రాలేదు. ఈడేల్ వెనక కనిపించే కిండర్ స్కౌట్ పీఠభూమి ఒకప్పుడు పక్షుల వేటకోసం భూస్వాములు మూసిపెట్టుకున్న నేల. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల నుంచి వందల మంది, ఎక్కువగా కార్మిక యువకులు, అనుమతి లేకుండా దాని మీదికి నడిచారు. వేటభూముల కాపలావాళ్లతో తోపులాట జరిగింది. ఐదుగురు జైలుకెళ్లారు. 1949లో వచ్చిన చట్టం నడకదారులన్నింటినీ గుర్తించి పటాలకెక్కించమని కౌంటీలను ఆదేశించింది. 1951లో ఈ ప్రాంతమే దేశంలో మొదటి జాతీయ పార్కు అయింది. 2000లో వచ్చిన మరో చట్టం కొండలు, బీళ్లు, పొదనేలల మీద స్వేచ్ఛగా నడిచే హక్కునిచ్చింది. రైలుదీ ఇలాంటి చరిత్రే. 1963లో బీచింగ్ నివేదిక మూసేయమన్న స్టేషన్లు రెండు వేలకు పైనే. హోప్ వ్యాలీ ప్రయాణికుల బళ్లు కూడా ఆ జాబితాలో ఉండి, పోరాటం తరవాత నిలిచాయి. రోడ్డు మాత్రం నిలవలేదు. మామ్ టోర్ కిందుగా పోయే పెద్ద రోడ్డు కొండ జారుడుకు పదే పదే విరిగిపోతుంటే 1979లో దాన్ని శాశ్వతంగా వదిలేశారు. ముక్కలై పక్కకు ఒరిగిన ఆ తారురోడ్డు మీద ఇప్పుడు నడిచేవాళ్లే పోతారు. ఒక జంట ఆదివారం పూట తీరిగ్గా నడుస్తోందంటే, దాని వెనక ఇంత కొట్లాట, ఇంత కాగితం పని ఉన్నాయన్నమాట.

ఇదంతా తెల్లవాళ్ల సరదా, మన ఎండలకూ మన అలవాట్లకూ పొసగదని అనేవాళ్లున్నారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మే నెలలో కృష్ణా జిల్లా పొలంగట్టు మీద నడవమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. అయితే కార్తీకం నుంచి మాఘం దాకా మనకున్న వాతావరణం ఇంగ్లండ్ వేసవికి ఏమాత్రం తీసిపోదు. పూటకు సరిపడా వండుకుని ఉసిరిచెట్టు కిందికి వెళ్లే వనభోజనం మనకు ఎవరూ నేర్పింది కాదు. దూరయాత్రను మజిలీలుగా విడగొట్టుకోవడం కూడా మనకు పాతదే. 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో గుళ్లూ తీర్థాల గురించి రాసినంత శ్రద్ధగా దారి స్థితి గురించీ, నీటి వసతి గురించీ, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయన్న దాని గురించీ రాశారు. యాత్ర నడిచేది ఏర్పాట్ల మీదేనని ఆయనకు బాగా తెలుసు. ఇప్పటికీ మన గ్రామ పటాల్లో గోదావరి వైపు పుంతలు, గుంటూరు వైపు డొంకలు ప్రభుత్వ భూమిగానే నమోదై ఉంటాయి. చాలాచోట్ల అవి పక్క పొలాల్లో కలిసిపోయాయి, మిగిలినచోట తుమ్మచెట్లు కమ్మేశాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కోనసీమంతటా పారిన కాలువలకు గట్లున్నాయి, గట్ల మీద కొబ్బరి నీడ ఉంది. పల్లెవెలుగు బస్సు దగ్గరి దాకా వెళ్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, కాబట్టి జంటకు సగం ఖర్చే. ఏ గట్టు ఎంతదాకా పోతుందో, మళ్లీ బస్సు ఎప్పుడో చెప్పే బోర్డు ఒక్కటే కరువు. అందచందాల్లో మనకు లోటు లేదు. లోటున్నది ఆ బోర్డులో.

దూరయాత్రల సంగతికొస్తే అభ్యంతరం ఇంకా బలమైనది. జీవితంలో ఒక్కసారి యూరప్ వెళ్తాం, వీసా దొరకడమే గగనం, అలాంటప్పుడు పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే ప్యాకేజీ ఉండగా రెండు లోయల్లో కాలం గడపడమేమిటని అడుగుతారు. ఈ ప్యాకేజీలు చేసిన మేలు నేను కాదనను. భాష రాని పెద్దవాళ్లు, శాకాహారం తప్ప ముట్టనివాళ్లు ధైర్యంగా సముద్రాలు దాటింది వీటి వల్లే. కానీ లెక్క వేసి చూడండి. పారిస్ నుంచి లూసర్న్‌కు రోడ్డు మీద దాదాపు 600 కిలోమీటర్లు. యూరప్ చట్టం ప్రకారం బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక ముప్పావుగంట ఆగాలి, రోజుకు మామూలుగా తొమ్మిది గంటలకు మించి నడపకూడదు. అంటే ఆ రోజు వెలుతురంతా హైవే పక్కన ధ్వనిగోడలు చూడటానికే పోతుంది. అలాంటి రోజులు పదింటిలో నాలుగైనా ఉంటాయి. ఏడు దేశాలు చూశామన్న మాట నిజమే, అయితే ఎక్కువ సేపు చూసింది బస్సు కిటికీ నుంచి. వీసా కష్టం కూడా నెమ్మది ప్రయాణానికే అనుకూలం. షెంగెన్ వీసాకు ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే దరఖాస్తు పెట్టాలి. రెండు దేశాల్లో మూడు బసలైతే ఆ కాగితాలు ఒక పూటలో తయారవుతాయి.

లండన్ సెయింట్ పాంక్రాస్‌లో ఎక్కి, 1994లో తెరిచిన సముద్రగర్భ సొరంగం దాటి, బ్రసెల్స్‌లో మారితే మధ్యాహ్నానికి కొలోన్. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తిచేసిన చర్చి స్టేషన్ గుమ్మం ఎదురుగానే ఉంటుంది. అక్కడి నుంచి దక్షిణంగా కోబ్లెంజ్ చేరితే, బింగెన్ దాకా 65 కిలోమీటర్ల రైన్ లోయ మొదలు. 2002 నుంచి ఇది యునెస్కో వారసత్వ స్థలం. తీరిక యాత్రకు ఇంతకన్నా మంచి పాఠశాల నాకు తెలియదు. నదికి రెండు ఒడ్డులా రైలుపట్టాలు, చిన్న ఊరికీ ఒక స్టేషన్, కొండవాలు ద్రాక్షతోటల్లో నడకదారులు, నీటి మీద ప్రయాణికుల స్టీమర్లు. కోబ్లెంజ్‌కూ మైంజ్‌కూ మధ్య నది మీద ఒక్క వంతెన కూడా లేదు. సెయింట్ గోవార్ దగ్గరా, బొప్పార్డ్ దగ్గరా, కౌబ్ దగ్గరా మనుషులూ కార్లూ పడవ మీదే అటూ ఇటూ దాటతారు. మన నరసాపురం–సఖినేటిపల్లి పంటు ఎక్కినవాళ్లకు ఇది వింతేమీ కాదు. పంటు యాత్రికులకు ముచ్చటే గానీ, రాత్రిపూట ఆసుపత్రికి వెళ్లాల్సిన ఒడ్డువాసులకు ముచ్చట కాదు. అందుకే అక్కడా ఇక్కడా వంతెన కోసం ఏళ్లుగా అడుగుతున్నారు. ఆ కోరిక న్యాయమైనదే. మన తీరిక కోసం ఇంకొకరు ఇబ్బంది పడాలని కోరుకోకూడదు.

ఈ లోయలో కోటలు నలభై దాకా ఉంటాయి. కౌబ్ దగ్గర నది మధ్య లంకలో ఉన్న కోటను కట్టింది పడవల నుంచి సుంకం వసూలు చేయడానికే. మలుపు మలుపుకీ ఒక ప్రభువు, ప్రభువుకో సుంకం అన్న పరిస్థితి పోయి, 1868 మాన్‌హైమ్ ఒప్పందంతో రైన్ మీద రాకపోకలు సుంకం లేనివయ్యాయి. కిండర్ స్కౌట్ మీద కాలిబాటకు జరిగిందే ఇక్కడ నీటిబాటకూ జరిగింది. ఫొటోల్లో ఆ కోటలు ఎంతో అందంగా పడతాయి గానీ, ఆ అందాన్ని ఇవాళ మనం ఏ అడ్డూ లేకుండా చూస్తున్నామంటే అవి ఓడిపోబట్టే. కోట దగ్గర పావుగంట ఆగి వెళ్లే బస్సు ప్రయాణంలో ఈ సంగతి తట్టదు. ఒడ్డున కూర్చుని, ఎదురీదే సరుకుపడవ ఎంత మెల్లగా కదులుతుందో, ప్రవాహంతో పోయేది ఎంత చప్పున కనుమరుగవుతుందో చూస్తేనే, ఈ నదిని మూసేయడం ఎంత సులువో, తెరిచి ఉంచడం ఎంత పనో తెలుస్తుంది.

ఖర్చు మాట. జర్మనీలో 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైన టికెట్ ఒకటుంది. తరవాత ధర పెరిగినా, దేశమంతటా ప్రాంతీయ రైళ్లూ సిటీ బస్సులూ ట్రాములూ దాని మీద ఎక్కవచ్చు. వేగం బళ్లకు అది చెల్లదు. నెమ్మదిగా పోయేవాళ్లకే లాభమన్నమాట. ఒకేచోట మూడు నాలుగు రాత్రులుంటే వంటగది ఉన్న గది అద్దెకు దొరుకుతుంది, బియ్యం, పప్పు, పెరుగు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా ఉంటాయి. రోజుకో హోటల్ మారేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. స్విట్జర్లాండ్ మాత్రం ఎలా చూసినా ఖరీదే. అక్కడ రోజులు తగ్గించుకోవాలి తప్ప వేగం పెంచకూడదని నా అభిప్రాయం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఈడేల్ కంచె మెట్లు కష్టమే, ఆ మాట ఒప్పుకుంటాను. రైన్ పడవా, ఆల్ప్స్ రైలూ వాళ్లను కూడా అంతే దూరం తీసుకెళ్తాయి.

ఆ ఆల్ప్స్ రైళ్ల వెనక ఉన్న ఆలోచన నాకు చాలా ఇష్టం. 1987లో స్విస్ ప్రజలు ఓటు వేసి ఒప్పుకున్న రైలు పథకం 2004 డిసెంబరులో అమలుకొచ్చింది. దాని సూత్రం బండిని వీలైనంత వేగంగా కాకుండా, అవసరమైనంత వేగంగా నడపడం. జ్యూరిక్–బెర్న్ ప్రయాణాన్ని గంట లోపుకు తెచ్చింది రికార్డు కోసం కాదు. పెద్ద స్టేషన్లలో బళ్లన్నీ గంట కొట్టేముందు చేరి, కొట్టాక బయలుదేరితే ఎటు వెళ్లేవాళ్లకైనా మారే బండి దొరుకుతుందని. దంపతుల ప్రయాణానికి దీనివల్ల కలిగే మేలు పెద్దది. ఇక్కడ దిగుదామా, ఇంకో గంట ఆగుదామా, వర్షం వచ్చేలా ఉంది వెనక్కి పోదామా అన్నవి ఇద్దరూ కలిసి తేల్చుకునే చిన్న చిన్న సంగతులు. ప్యాకేజీలో వాటిని ఎవరో ముందే తేల్చేస్తారు. తర్వాతి బండి గంటలో ఉందని తెలిస్తే ఏ నిర్ణయమూ భయపెట్టదు, తప్పయినా పోయేది గంటే. ఇంటి పనుల్లో, ఉద్యోగాల్లో, పిల్లల చదువుల్లో ఏ నిర్ణయానికైనా బరువుంటుంది. బరువు లేని నిర్ణయాలు ఇద్దరూ కలిసి తీసుకునే అవకాశం ఇలాంటి ప్రయాణాల్లోనే ఎక్కువ. గుంపుగా వెళ్తే కాలక్షేపం ఎక్కువన్నది నిజమే. జంటగా వెళ్తే దొరికే కబుర్లు వేరు.

సెయింట్ మోరిట్జ్ నుంచి దక్షిణంగా పోయే బెర్నీనా లైను 1910లో పూర్తయింది. 2008లో యునెస్కో జాబితాకెక్కింది. నూటికి ఏడు చొప్పున ఎక్కే వాలులో పళ్లచక్రం సాయం లేకుండా, మామూలు పట్టాల మీదే 2253 మీటర్ల ఓస్పిత్సియో బెర్నీనా చేరుతుంది. అక్కడ ఒక వైపు పడ్డ వాన డాన్యూబ్‌లో కలిసి నల్లసముద్రానికి, ఇంకోవైపు పడ్డది పో నదిలో కలిసి ఆడ్రియాటిక్‌కు పోతుంది. అద్దాల పెట్టెల ప్రత్యేక బండికి సీటు రిజర్వేషన్ రుసుము కట్టాలి. అవే పట్టాల మీద గంటకొకటి వెళ్లే మామూలు బండికి ఆ రుసుము లేదు, పైగా అది చిన్న స్టేషన్లలో ఆగుతుంది. తీరిక కావాలంటే మామూలు బండే ఎక్కాలి. ఓస్పిత్సియోలో దిగి సరస్సు పక్కగా గంటకు పైగా దిగుతూ నడిస్తే ఆల్ప్ గ్రూమ్. ఆ స్టేషన్‌కు కారుదారి లేదు, రైలో కాళ్లో. ఎదురుగా పాలూ హిమానీనదం ఏటేటా వెనక్కి జరుగుతోంది. దాన్ని చూడటానికి విమానాల్లో ఎగిరొచ్చే మనందరికీ ఆ కరుగుదలలో వాటా ఉంది. తక్కువసార్లు వెళ్లి, ఎక్కువ రోజులుండి, వెళ్లినచోట రైల్లో తిరగాలనడానికి నాకు ఇంతకన్నా గట్టి కారణం కనిపించదు.

ఆల్ప్ గ్రూమ్‌లో మళ్లీ బండెక్కితే, బ్రూసియో దగ్గర రాతి వంతెన మీద గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, 429 మీటర్ల ఎత్తులో ఉన్న తిరానోకు దిగుతుంది. పక్కనే ఇటలీ స్టేషన్. మిలాన్‌కు రెండున్నర గంటల ప్రయాణం, కోమో సరస్సు ఒడ్డు వెంబడి. అదే రోజు మిలాన్ చేరి విమానం ఎక్కేయడం కుదురుతుంది. సెలవులో ఒక్కరోజు మిగిలినా, ఆ లైనులోనే ఉన్న వారెన్నాలో దిగమంటాను. అక్కడి నుంచి బెల్లాజియోకూ మెనాజ్జియోకూ రోజంతా పడవలు తిరుగుతుంటాయి.