నాటు నిలదొక్కుకునే దాకా నారుమడి దున్నొద్దు

ఈసారి పత్తి ముచ్చట కాదు, బత్తాయి ముచ్చట కాదు. ఇంట్ల ఉన్న కంప్యూటర్ ముచ్చట. జర పొడుగైంది గాని చదవండ్రి, ఎవరికన్న అక్కరొస్తది.

మా బిడ్డ ఇంజనీరింగ్‌కు 2019ల కొన్న కంప్యూటర్ ఇది. ఆమె నౌకరికి హైదరాబాద్ పోయినంక నాకు మిగిలింది. పొద్దున ఆన్ చేసి, చాయ తాగి, బర్రెకు గడ్డి వేసి వస్తే అప్పటికి తెరుచుకునేది. దాంట్ల ఉన్నది విండోస్ 10. 2025 అక్టోబర్ 14తోని దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఆపుడు అంటే కంప్యూటర్ బంద్ కాదు. దొంగలు కొత్త కొత్త తరీకలు నేర్చుకుంటనే ఉంటరు, మన తలుపుకు కొత్త గొళ్లాలు మాత్రం రావు. కావాలంటే పేరు రాయించుకుంటే ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ దాకా అప్‌డేట్లు ఇస్తమని అప్పుడు చెప్పిన్రు. ఎప్పటికైనా మారుడు తప్పదు గదా అని షాపుకు పోయిన.

షాపు పిలగాడు మంచోడే. "అంకుల్, హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేద్దాం. ఫార్మాట్ కొట్టి విండోస్ 11 ఎక్కిస్త, గంటల అయిపోతది" అన్నడు. ఫార్మాట్ అనంగనే నాకు కాళ్లల్ల వణుకు వచ్చింది. 2016ల ఇంతకు ముందు కంప్యూటర్‌ను ఒక కాడ గిట్లనే ఫార్మాట్ కొట్టిచ్చిన. మా అమ్మ బతికున్నప్పటి ఫొటోలు అన్నీ పోయినయ్. ఆ షాపు పేరు ఎందుకు, అడగకుండ ఇచ్చిన తప్పు నాది కూడా.

ఇప్పుడు దీంట్ల ఏమున్నది అంటరా? బోర్ల లెక్క ఉన్నది. 2003 నుంచి మేం వేసిన బోర్లు పదకొండు. ఏ చెలకల ఏ మూలకు వేసినం, ఎన్ని ఫీట్లు పోయింది, కేసింగ్ ఎంత దిగింది, ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డయ్, ఎప్పుడు ఎండింది, ఎంత అప్పయింది, అన్నీ. నీళ్లు నిలిచినయ్ రెండే. ఇంకోసారి బండి పిలిస్తే ఎక్కడ వెయ్యొద్దో చెప్పేది ఆ ఫైలే. ఇంకా కాలువ నీళ్ల కోసం, ఎండిన బత్తాయి తోటల కోసం ఊరోళ్ల తరఫున రాసిన దరఖాస్తులు ఉన్నయ్. అవన్నీ పాత అను ఫాంట్ల కొట్టినయి.

ఫైళ్లు పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకోవచ్చు గదా అని మీరు అనొచ్చు. ఎక్కించుకోవచ్చు. కాని అను ఫాంట్ లేని కంప్యూటర్‌ల ఆ కాయితం తెరిస్తే తెలుగు కనపడదు, ఇంగ్లిష్ అక్షరాలు, గీతలు, చుక్కలు కనపడ్తయ్. ఫాంట్, కీబోర్డ్, ప్రింటర్ సెట్టింగ్ అన్నీ విండోస్‌తోని అల్లుకొని ఉంటయ్. ఫార్మాట్ కొట్టుడు అంటే మళ్ల విత్తనం పెట్టుడు. నాకు కావాల్సింది బత్తాయి అంటును మట్టిగడ్డతో సహా తెచ్చి కొత్త గుంటల పెట్టుడు. దాన్ని క్లోనింగ్ అంటరని మా బిడ్డ చెప్పింది. క్లోన్‌జిల్లా అని పైసలు లేకుండ దొరుకుతది, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తది.

మొంథా తుపాను ముసురుకు పత్తి ఏరుడు ఆగిపోయింది. ముసురు తెరిపిచ్చి కరెంటు కుదురుకున్నంక ఒక రాత్రి కూసున్న. ఎందుకంటే నడుమల కరెంటు పోతే పని ఆగమైతది.

మొదటి తప్పు కొనుడుల్నే చేసిన. నా పాత డిస్క్ 500 జీబీ, నేను తెచ్చింది 480. నిండినది సగం కూడా లేదు గదా అనుకున్న. కాని క్లోన్‌జిల్లా మామూలుగ డిస్క్ మొత్తం కొలత చూస్తది, లోపల ఎంత నిండిందో చూడదు. పట్టదు అన్నది. తెల్లారి పోయి 512 జీబీది మార్చుకొని వచ్చిన.

రెండోది జాగ్రత్త. ఏది పాతది, ఏది కొత్తది అని అడుగుతది. అక్కడ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండిన దాని మీద పడ్తది, అన్నీ తుడిచిపెట్టుకు పోతయ్. కంపెనీ పేరు, జీబీ కాయితం మీద రాసుకొని, బిడ్డకు ఫోన్ చేసి, మూడుసార్లు చదివి అప్పుడు ఒత్తిన. రెండు గంటల పైన పట్టింది.

ఇగ నవ్వే ముచ్చట. అయిపోయిందని ఆన్ చేసి రెండు రోజులు వాడిన. పాల లెక్కలు రాసిన. కాని స్పీడ్ ఏం పెరగలే. "నాయినా, పాత డిస్క్ వైరు పీకినవా?" అన్నది బిడ్డ. పీకలే! రెండు ఒకటే తీరు ఉన్నయ్ గాబట్టి కంప్యూటర్ పాతదాని నుంచే లేస్తున్నది. టాస్క్ మేనేజర్‌ల చూస్తే అక్కడ హార్డ్ డిస్కే కనపడ్డది. మళ్ల రాత్రి మళ్ల కాపీ కొట్టి, పాతదాని వైరు పీకి, ఆన్ చేసిన. చాయ గిలాస నోటికాడికి రాకముందే తెరుచుకున్నది.

విండోస్ 11 అదే రోజు ఎక్కియ్యలే. రెండు పనులు ఒక్కనాడు చేస్తే ఏది చెడిందో తెల్వది. వారం వాడిన. దానికి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్, లేదా ఆ తర్వాతది కావాలె, నాది సరిగ్గ ఎనిమిదోదే. టీపీఎం అనేది బయోస్‌ల ఆఫ్ ఉంటే ఆన్ చేసిన. డిస్క్ పాత పద్ధతి ఎంబీఆర్‌ల ఉన్నది, దాన్ని జీపీటీకి మార్చే పనిముట్టు విండోస్ 10ల్నే ఉన్నది. మార్చినంక బయోస్‌ను యూఈఎఫ్ఐకి తిప్పాలె. అది మరిచి నల్ల తెర చూసి చెమటలు పెట్టుకున్న, తిప్పంగనే లేచింది. ఎక్కించేటప్పుడు ఫైళ్లు, యాప్‌లు ఉంచాల్నా అని అడుగుతది, ఉంచు అనాలె.

అయినంక మొదలు బోర్ల ఫైలే తెరిచిన. పదకొండు వరుసలు అట్లనే ఉన్నయ్. తర్వాత ఒక పాత దరఖాస్తు. అక్షరం చెదరలే.

పాత డిస్క్ తుడవలే, అమ్మలే. మీద తారీఖు రాసి బీరువల పెట్టిన. నాటు వేసినంక మడి మూలకు రెండు నారు కట్టలు ఉంచుకుంటం గదా, ఎక్కడన్న మొక్క చస్తే పెట్టనీకి. ఒక పంట కాలం అట్లనే ఉంటది.

ఇంకొకటి అర్థమైంది. ఈసారి ఫాంట్ వచ్చింది, వచ్చేసారి రాకపోవచ్చు. అందుకే రోజుకొక దరఖాస్తు యూనికోడ్‌ల మళ్ల కొడుతున్న. బోర్ల లెక్క ప్రింట్ తీసి పట్టా పాస్ బుక్కు కాడ పెట్టిన, బిడ్డకు కూడా పంపిన. మీ ఇంట్ల కూడా అసొంటి ఫైలు ఏదన్న ఉంటే, షాపుకు పోకముందే ఇయ్యాల్లనే ఒక కాపీ తీసి పెట్టుకోండ్రి.