రేడియో బాగానే ఉంది

నా ఐకామ్ 735 హామ్ రేడియో 1980ల నాటిది. దానికేమైనా అయితే మూత విప్పి, సర్క్యూట్ డయాగ్రాం పక్కన పరుచుకుని, సోల్డరింగ్ ఐరన్ వేడిచేసుకుంటాను. కావలసిన కెపాసిటరో ట్రాన్సిస్టరో హైదరాబాదు వెళ్ళినప్పుడు కోఠీ గల్లీల్లో వెతికి తెచ్చుకుంటాను. అది నన్నెప్పుడూ ఏడిపించలేదు. ఏడిపించింది దాని పక్కనున్న కంప్యూటరు.

166 మెగాహెర్ట్జ్ పెంటియమ్, విండోస్ 98. చూసినవాళ్ళు నవ్వేవారు కానీ నాకు కావలసినవన్నీ అందులో ఉండేవి. మాట్లాడిన ప్రతి స్టేషను వివరాలూ రాసుకునే డాస్ లాగింగ్ ప్రోగ్రాం, అందులోంచే మోర్స్ పంపే ఏర్పాటు, శబ్దంగా మార్చి అక్షరాలు పంపే పీఎస్‌కే31 పద్ధతి కోసం డిజిపాన్. ఒక ఎండాకాలం కరెంటు పోయి వచ్చాక మదర్‌బోర్డు ఇక లేవలేదు. హార్డ్ డిస్కు బతికింది. ఫైళ్ళన్నీ అబ్బాయి ఇచ్చిన విండోస్ 10 ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, లాగ్ ప్రోగ్రాం మీద నొక్కాను. ఈ యాప్ మీ పీసీలో నడవదంటూ ఒక పెట్టె వచ్చింది. అంతే, ఇంకేమీ చెప్పదు.

కంపాటిబిలిటీ మోడ్ పెట్టి చూడమని తెలిసినవాళ్ళందరూ సలహా ఇచ్చారు. అది పనికిరాదు. డాస్ ప్రోగ్రాములు 16 బిట్లవి. 32 బిట్ల విండోస్‌లో వాటిని నడిపించే భాగమొకటి ఉంటుంది, ఈ ల్యాప్‌టాప్‌లో ఉన్న 64 బిట్ల విండోస్‌లో లేదు. ప్రాసెసర్ 64 బిట్ల పద్ధతిలో నడుస్తున్నంతసేపూ ఆ పాత డాస్ ఏర్పాటుకి చిప్‌లోనే చోటుండదు. ఏ టిక్కు పెట్టినా, ఏ టిక్కు తీసినా ఒకటే.

తెలిసిన హామ్ (ఔత్సాహిక రేడియో ఆపరేటరు) ఒకాయన దగ్గర 32 బిట్ల యంత్రం ఉందంటే పెన్‌డ్రైవు జేబులో వేసుకుని వెళ్ళాను. అక్కడ ప్రోగ్రాం మొదలైంది. మొదలైన క్షణంలోనే 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని చచ్చింది. ఇది టర్బో పాస్కల్‌లో రాసిన ప్రోగ్రాములకి పట్టే జబ్బని తర్వాత తెలిసింది. అవి లేవగానే యంత్రం వేగం కొలుచుకుంటాయి. గడియారం ఒక టిక్కుకి, అంటే 55 మిల్లీసెకన్లలో, ఎన్ని చుట్లు తిరగగలిగాయో లెక్కపెట్టి 55తో భాగిస్తాయి. సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్ల మీద ఆ జవాబు 65,535 దాటిపోతుంది, 16 బిట్లలో పట్టదు. యంత్రం దాన్ని సున్నాతో భాగించినట్టు లెక్కేసి ఆపేస్తుంది. నా పాత పెంటియమ్ 166 కాబట్టి ఇన్నేళ్ళూ ఆ గీతకి కిందే ఉండి బతికిపోయింది. నెమ్మదిగా ఉందని అందరూ నవ్విన యంత్రం అది!

"కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకుని మొదటినుంచీ రాసుకోవచ్చుగా" అన్నారు ఇంట్లో. రాసుకోవచ్చు. లాగ్ రాయడం మన లైసెన్సు నిబంధనల్లోనే ఉంది, ఆ మాటకొస్తే దానికి నోటు పుస్తకం చాలు. కానీ పాత లాగ్‌లో ఉన్నవి మళ్ళీ దొరికేవి కావు. 2004 డిసెంబరులో హామ్ భారతి ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ కాల్ సైన్‌తో మాట్లాడుతుండగా నాకు దొరికిన కాంటాక్టు అందులో ఉంది. ఆ నెల 26న సునామీ వచ్చింది, సరదాగా మొదలైన ఆ స్టేషను అత్యవసర సమాచారానికి మళ్ళింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ6 మీద కార్టోశాట్ 1తోపాటు వెళ్ళిన హామ్‌శాట్ మీదుగా చేసిన కాంటాక్టులున్నాయి. 435 మెగాహెర్ట్జ్‌లో పైకి పంపితే 145లో కిందికి వినిపించేది. ఆ ఉపగ్రహం 2014లో మూగబోయింది. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని ఊడ్చేశాక, కారు బ్యాటరీ మీద రేడియో నడిపి అందుకున్న కబుర్లు కాగితం మీద రాసుకుని, కరెంటొచ్చాక ఎక్కించినవీ అందులోనే ఉన్నాయి. వాటిలో చాలా గొంతులు ఇప్పుడు లేవు. ఆ ప్రోగ్రాం రాసిన విదేశీ హామ్ కూడా సైలెంట్ కీ అయ్యాడు, అంటే కన్నుమూశాడు, ఆయన ఈమెయిలు ఎప్పుడో పోయింది. సోర్సు కోడు ఎవరి దగ్గరా లేదు.

చివరికి డాస్‌బాక్స్ దారి చూపింది. కొత్త విండోస్‌లోనే ఒక పాత పీసీని అనుకరించి చూపే ప్రోగ్రాం అది. ఎంత వేగంగా నడవాలో మనమే చెప్పచ్చు కనక ఎర్రర్ 200 బెడద తప్పింది. నీలం తెర మీద పసుపు అక్షరాలతో నా లాగ్ తెరుచుకుంది. ఆ పూట నేను భోజనానికి లేవలేదు.

చూడ్డానికైతే ఉంది, బయటికి తియ్యడానికి లేదు. ఇప్పటి ప్రోగ్రాములన్నీ ఒకదానికొకటి ఏడీఐఎఫ్ అనే మామూలు అక్షరాల ఫైలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ పద్ధతి 1996లో వచ్చింది. నా ప్రోగ్రాం వెర్షను అంతకు ముందుది, దానికి ఏడీఐఎఫ్ తెలీదు. ప్రింటు తియ్యడం వచ్చు కానీ పారలల్ పోర్టుకే పంపుతుంది. నా డాస్‌బాక్స్‌లో ఆ పోర్టు లేదు.

ఇక రేడియోని కలపడం. ల్యాప్‌టాప్‌కి సీరియల్ పోర్టు ఎక్కడుంది? యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ ఒకటి చవగ్గా కొన్నాను. పెట్టగానే పనిచేసింది, రెండోనాడు 'కోడ్ 10, పరికరం మొదలవలేదు' అంది. అందులో చిప్పు నకిలీదట. అసలు చిప్పు తయారుచేసే సంస్థ కొత్త డ్రైవరులో నకిలీలని గుర్తుపట్టి ఆపేసే ఏర్పాటు చేసింది. కొన్నవాడికి ఏది అసలో ఏది నకిలీయో కేబుల్ మీద రాసి ఉండదు, దెబ్బ మాత్రం అతనికే. పాత డ్రైవరు వెతికి వేస్తే, అప్‌డేట్ రాత్రికి రాత్రి మళ్ళీ కొత్తది వేసేది. వేరే చిప్పున్న కేబుల్ తెప్పించాక ఆ రగడ ఆగింది. దానికి విండోస్ కామ్ 7 అని పేరు పెట్టింది, నా డాస్ ప్రోగ్రాముకి నాలుగుకి మించి లెక్క రాదు. డాస్‌బాక్స్ సెట్టింగులో అసలు పోర్టు ఏదో రాసిచ్చి, లోపల కామ్ 1 అని నమ్మించాను. 1200 బాడ్ దగ్గర రేడియో పలికింది.

మోర్స్ మాత్రం కుదరలేదు. నిమిషానికి 20 మాటల వేగంలో ఒక డాట్ 60 మిల్లీసెకన్లు, డ్యాష్ 180. డాస్‌లో ఆ ప్రోగ్రాం ఒక్కటే యంత్రాన్నంతా ఏలుకునేది, కాలం గీసినట్టు వచ్చేది. ఇప్పుడు డాస్‌బాక్స్, విండోస్, యూఎస్‌బీ మూడూ దాటి సంకేతం బయటికి రావాలి, ఆలస్యం ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు. అవతలి హామ్ మర్యాదస్తుడు, "మీ చేతికి దెబ్బ తగిలిందా" అని అడిగాడు. కీయింగ్ పని కంప్యూటరు నుంచి తప్పించి చిన్న ఆర్డుయినో బోర్డుకి అప్పగించాను. అక్షరాలు కంప్యూటరు ఇస్తుంది, కాలం బోర్డు చూసుకుంటుంది.

డిజిపాన్ 32 బిట్లది, కొత్త విండోస్‌లో ఏ పేచీ లేకుండా తెరుచుకుంది. కానీ తెర మీద సిగ్నళ్ళు గీతలుగా కనబడే వాటర్‌ఫాల్ నల్లగా ఉండిపోయింది, ఒక్క గీత రాలేదు. వైర్లు మార్చాను, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. 2018లో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత, ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోనుకి అనుమతి ఆపి ఉంటే ఇలాంటి పాత ప్రోగ్రాములకి కూడా శబ్దం అందదు. లోపం వైర్లలో లేదు. అది సరిచేశాక, రొదని తీసేసే నాయిస్ సప్రెషన్ వచ్చి పడింది. 31 హెర్ట్జ్ వెడల్పున సన్నగా వచ్చే సిగ్నలు దానికి రొదలాగే కనబడుతుంది, శ్రద్ధగా తుడిచేస్తుంది. దాన్నీ ఆపాను.

లాగ్ సంగతి మా చెల్లెలి కొడుకు తేల్చాడు. హైదరాబాదులో ఉద్యోగం, సంక్రాంతికి వచ్చాడు. ఫైలుని హెక్స్ ఎడిటర్లో తెరిచి కాసేపు చూసి, "మావయ్యా, ఇది పాస్కల్ వాడి రాతే. ప్రతి మాట ముందూ దాని పొడవు రాసుకుంటాడు" అన్నాడు. నిజమే, ఆరక్షరాల కాల్ సైన్ ముందు 6 ఉంది. ఆ పొడవు దాటాక ఉన్నది చెత్త. అయితే ఆ చెత్త ఊరికే రాలేదు. 'రవి' అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాల తర్వాత 'అలెగ్జాండర్' తాలూకు చివరి అయిదు అక్షరాలు మిగిలున్నాయి. అదే చోట అంతకుముందు ఎక్కించిన పేరది. ఎవరితో ముందు మాట్లాడానో, ఎవరితో తర్వాతో దాన్ని బట్టి కూడా పోల్చుకున్నాను.

తేదీలు అంకెల్లో దాగున్నాయి. "నీ దగ్గర క్యూఎస్‌ఎల్ కార్డులున్నాయిగా, తీసుకురా" అన్నాడు. అటక మీంచి పెట్టె దింపాం. కాంటాక్టుకి రుజువుగా హామ్‌లు ఒకరికొకరు పంపుకునే ఆ కార్డు మీద తేదీ ఉంటుంది కనక, రెండు కార్డుల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టి, ఫైల్లో ఆ రెండు కాంటాక్టుల అంకెల తేడాతో సరిపోల్చాం. మొదట అస్సలు కలవలేదు. ఇంటెల్ చిప్పులు అంకెలో చిన్న భాగాన్ని ముందు రాస్తాయని వాడికి గుర్తొచ్చి, బైట్లు తిరగేసి చూస్తే రోజుకి రోజు సరిపోయింది. భోగి రాత్రి వాడు చిన్న ప్రోగ్రాం రాసి ఏడీఐఎఫ్ ఫైలు తీశాడు. ముందు వెతికింది వీయూ4ఆర్‌బీఐ కోసమే. ఉంది.

అన్నీ రాలేదు. కరెంటు పోతున్న క్షణాల్లో రాసిన రికార్డులు కొన్ని సగంలో తెగిపోయాయి. కార్డులున్నవి చేత్తో ఎక్కించాను, లేనివి వదిలేశాను.

రికార్డు ఎలా అమరి ఉందో వివరంగా ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాం. ఆ సంగతి బ్యాండ్ మీద చెబితే రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన ఫోను చేశారు. "అదే ప్రోగ్రామండీ నాదీను, డిస్కులో పడుంది" అన్నారు. ఫైలు పంపించమన్నాను. తెరిచి చూస్తే ఆయనది వేరే వెర్షను, రికార్డు పొడవే కలవడం లేదు. "మీ క్యూఎస్‌ఎల్ కార్డులు భద్రంగా ఉన్నాయాండీ?" అని అడిగాను. ఆయన వెతుకుతున్నారు.