గుహలోనికి పోవు పుస్తకము

గుహయను శబ్దము 'దాచుట' యను నర్థము గల ధాతువునుండి పుట్టినది. కఠ, తైత్తిరీయాది ఉపనిషత్తులు హృదయమును గుహగా భావించుటయు నిందుచేతనే. రాయి, నీరు, చీకటి గల నిజమైన గుహను కొలువబోవు వారికి మాత్రము మొదటి సాధన మొక పుస్తకమును సిద్ధపఱచుట.

నంద్యాల జిల్లాలోని బెలూం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేర్కొనెను. దాదాపు నూఱేండ్ల పిమ్మట డేనియల్ గెబావర్ నాయకత్వమున జర్మను బృందమొకటి వచ్చి వానిని శోధించెను. నేడు చెప్పబడు 3,229 మీటర్ల దైర్ఘ్యము ఒక్కసారిగా ఎవరి కంటికిని కనబడినది కాదు. అట్టి సంఖ్య ఏదైనను చిన్నచిన్న కొలతల కూడికయే.

పుస్తకపు పని వెలుగులోనే ముగియవలెను. తడిసినను చిరుగని కాగితము, సిరాకు బదులు పెన్సిలు. ఆ పెన్సిలును దారముతో పుస్తకమునకే కట్టుదురు, చీకటిలో జారినది మరల దొరకుట కల్ల గనుక. ఎడమపుట గళ్ళలో ఏ బిందువునుండి ఏ బిందువునకో, దూరము, దిక్కు, వాలు, ఇరుప్రక్కల గోడలు, పైకప్పు, నేల, కుడిపుట చిత్రమునకు. తేదీ, పరికరముల గుర్తులు, పుటసంఖ్యలు ముందే వ్రాయుదురు. ఇనుపచుట్ట గల పుస్తకము తగదు, దిక్సూచి సూదిని అది తనవైపు లాగును. బెలూంలో ఉక్క యెక్కువ. అచట కాగితమునకు చెమటయు శత్రువే.

లోపల ఒకరు సంఖ్యను పలుకగా లేఖకుడు దానిని మరల పలికి వ్రాయును. తప్పును చెఱుపడు, ఒక్క గీతతో కొట్టివేసి ప్రక్కన క్రొత్తది వ్రాయును. మొదటిదే సరియని తరువాత తేలవచ్చును గదా! కనబడిన గోడకు నిండుగీత, ఊహించినదానికి తెగినగీత, చూడని దారికి ప్రశ్నార్థకము. ప్రత్యక్షానుమానముల భేదమును తర్కగ్రంథములకంటె ఈ పుటయే స్పష్టముగా చూపునేమో.

కఠినమైన సంగతి వేఱొకటి గలదు. రేపు ఆ పటమును పట్టుకొని దిగువానికి ఈ వ్రాత శబ్దప్రమాణము. ఉన్నదున్నట్లు పలుకువానినే నైయాయికులు ఆప్తుడనిరి. అలసిన లేఖకుడు ఊహించిన దారిని నిండుగీతతో గీసినచో, దానిని నమ్మినవాని దీపము అచటనే ఆరిపోవచ్చును.

వెలుపలికి వచ్చిన నాడే, ఆయాసము తీఱకమునుపే, పుటలకు ప్రతి తీయుదురు. మూలము నొకచోటను, ప్రతిని వేఱొకచోటను దాచుదురు.