తేటనీళ్ళ మోసం

పిల్లలూ, మీరెప్పుడైనా నీళ్ళను చూసి మోసపోయారా? నేను రెండుసార్లు మోసపోయాను. ఒకసారి పదేళ్ళ వయసులో, మరొకసారి తల నెరిసిన తరవాత.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. చుట్టూ పత్తిచేలు, మిరపతోటలు. అంతా నల్లరేగడి నేల. వాన కురిస్తే చెరువునీళ్ళు మడ్డిగా మారేవి. ముంచిన చెయ్యి కూడా కనిపించేది కాదు. మా నాయనమ్మ కుండ లోపలివైపు చిల్లగింజ అరగదీసి ఆ నీళ్ళు పోసేది. తెల్లవారేసరికి మట్టి అడుగుకు దిగి, పైన తేటనీరు నిలిచేది.

ఎందుకో తెలుసా? నీటిలో తేలే సన్నని మట్టిరేణువులు వెలుగును చెదరగొడతాయి. అందుచేత మడ్డినీటిలో చూపు సాగదు. చిల్లగింజ ఆ రేణువులను ఒకదానికొకటి అంటుకునేటట్టు చేస్తుంది. అప్పుడవి బరువెక్కి కిందికి దిగుతాయి.

ఒక వేసవిలో నేనూ, నా స్నేహితుడూ దిగుడుబావికి వెళ్ళాం. నీళ్ళు స్ఫటికంలా ఉన్నాయి. అడుగున ఎవరో పారేసుకున్న అణా మెరుస్తున్నది.

"నడుములోతేరా! తీసుకొస్తానుండు" అంటూ వాడు మెట్టు మీదినుంచి దిగాడు. మరుక్షణం వాడి తల మునిగింది! నేను కేకలు పెట్టాను. పక్కచేలో కపిల తోలుతున్న రైతు పరుగున వచ్చి, దూకి, వాణ్ణి పైకి లాగాడు.

"తేటనీళ్ళను నమ్మకూడదురా అబ్బాయీ!" అన్నాడాయన రొప్పుతూ.

తరవాత నేను సైన్సు మాస్టారినయ్యాను. ఆ మాట వందలమంది పిల్లలకు చెప్పాను. కాని నేనే మరిచిపోయాను!

2019 ఫిబ్రవరిలో అండమాన్ దీవులకు వెళ్ళాను. అంతవరకు నాకు తెలిసిన సముద్రం బాపట్ల దగ్గర సూర్యలంకలోనిదే. అక్కడ అలలు ఇసుకను కలచివేస్తాయి; మోకాలిలోతులోనే పాదాలు కనిపించవు. అండమాన్‌లో మట్టిని మోసుకువచ్చే పెద్దనదులు లేవు. హేవ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీపమని పేరు మార్చారు. అక్కడే నేను సముద్రంలోకి దిగాను. నన్ను దింపినవాడు తెలుగు కుర్రవాడే. వాళ్ళ పెద్దలు శ్రీకాకుళంనుంచి వెళ్ళి స్థిరపడ్డారట.

వీపున గాలి సిలిండరు, నోట్లో గాలిగొట్టం, కళ్ళకు అద్దం. ఇటువంటి సాధనాన్ని 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు తయారుచేశారు.

లోపలికి దిగి చూద్దును గదా, మా ఊరి బడి ఆవరణ అంత దూరం వరకూ చేపలూ, పగడపు రాళ్ళూ స్పష్టంగా కనిపిస్తున్నాయి! గాలిలో తేలుతున్నట్టే ఉన్నది. ఒక పగడపు రాయి చేతికందేటట్టు కనిపించింది. చెయ్యి చాచాను, అందలేదు. ఇంకా కిందికి పోబోయాను. కుర్రవాడు చటుక్కున నా భుజం పట్టి ఆపి, లోతు చూపే ముల్లు నా కళ్ళముందు పెట్టాడు. 12 మీటర్లు! అంటే ఏడు నిలువుల లోతు. 10 మీటర్ల లోతులోనే ఒత్తిడి నేలమీదికంటె రెండింతలవుతుంది. నాకు ఒళ్ళు జలదరించింది. అప్పుడే నా మణికట్టు చూసుకున్నాను. పండుమిరపకాయలా ఉండవలసిన ఎర్రదారం మట్టిరంగుగా ఉన్నది! నీరు అన్నిటికంటె ముందు ఎరుపు వెలుగునే మింగేస్తుంది.

పైకి రాగానే కుర్రవాడు నవ్వి, "మాస్టారూ, ఇక్కడ కంటిని కాదు, ముల్లును నమ్మాలి" అన్నాడు. దిగుడుబావి రైతు మాట జ్ఞాపకం వచ్చి సిగ్గుపడ్డాను.

మీరూ పరీక్షించండి. గిన్నెలో ఒక నాణెం పెట్టి, అది గిన్నె అంచు చాటున పడేదాకా వెనక్కి జరగండి. అక్కడినుంచే చూస్తూ ఉండండి. మరొకరిని గిన్నెలో మెల్లగా నీళ్ళు పోయమనండి. నాణెం పైకి తేలినట్టు కనిపిస్తుంది! నీటినుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది. అందుకే నాలుగడుగుల లోతు పైనుంచి మూడడుగులుగా తోస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ.

కనుక బావి దగ్గరకో, కాలువ దగ్గరకో పెద్దలు లేకుండా పోకండి. నీళ్ళెంత తేటగా ఉన్నా సరే, లోతు తెలియనిదే దిగకండి.