జానకమ్మ చివరి కచేరీకి వెళ్లొచ్చాను

పొద్దున పోపు పెట్టేటప్పుడు, మధ్యాహ్నం బియ్యం ఏరేటప్పుడు మీ వంటింట్లో ఎవరి గొంతు వినబడేది? మా ఇంట్లో ఎస్. జానకి గారిది. సుశీలమ్మ అంటే గౌరవం లేక కాదండీ. జానకమ్మ పాడుతుంటే మాత్రం ఎవరో మన పక్కనే పీట వేసుకుని కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుండేది. ‘శ్రీవారి శోభనం’లో అలకపానుపు పాట గుర్తుందా? అందులో ముసలమ్మ గొంతూ ఆమెదే, పడుచుపిల్ల గొంతూ ఆమెదే. చెప్తే మా పిల్లలు ఇప్పటికీ నమ్మరు!

గుంటూరు జిల్లా రేపల్లె దగ్గర పల్లపట్లలో 1938లో పుట్టిన మనిషి. 1957లో సినిమా పాట మొదలుపెట్టి దక్షిణాది భాషలన్నింటినీ చుట్టేశారు. జాతీయ అవార్డు 4 సార్లు వచ్చింది, అందులో మన తెలుగు ‘సితార’ పాట ఒకటి. 1989లో ‘మౌనపోరాటం’ సినిమాకి సంగీతం కూడా ఆమే చేశారు. ఆ కుర్చీలో ఆడవాళ్లు ఎంతమంది కూర్చున్నారో వేళ్ల మీద లెక్కపెట్టండి. 2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే, ఆలస్యంగా వచ్చిందని వద్దన్నారు. ‘వద్దు’ అన్న మాట మన నోటికి అంత తేలిగ్గా వస్తుందా, మీరే చెప్పండి.

2016లో ఒక మలయాళ సినిమాకి లాలిపాట పాడి, ఇక చాలన్నారు. ఆ మరుసటి ఏడాది 2017 అక్టోబరు 28, శనివారం నాడు మైసూరులో చివరి కచేరీ అని తెలిసింది. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా చిన్నమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు రా, మిగతాది నేను చూసుకుంటా" అంది.

రా అనడం సులువే. మాది ఆదిలాబాద్ జిల్లా బోథ్. అక్కడికీ ఇక్కడికీ దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్లు. పైగా మా వైపు దీపావళి వెళ్లిందంటే పత్తి ఏరుడు. కూలీలను పిలవాలి, తూకాలు చూడాలి, ఇంటికొచ్చిన పత్తికి చోటు చూడాలి. ఆపైన పాలు పితకడం, మంచం మీదున్న అత్తమ్మకు వేళకు మందులు. మావారు వినగానే, "గిప్పుడా? పాట ఇనేటందుకు మైసూరు పోతవా? టీవీల రాదా, ఫోన్ల రాదా?" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. నేనేమీ అనలేక రొట్టె తిప్పుతున్నాను.

లోపలి గదిలోంచి అత్తమ్మ గొంతు వినబడింది. "అరేయ్, మీ నాయిన ఏటా పండరిపురం పోయెటోడు. సరిగ్గ ఇత్తనాలు ఏసే యాళ్లకే పోయెటోడు. చేను ఎవరు చూస్తరని నేను ఎన్నడన్న అడిగిన్నా? దాన్ని పోనియ్."

మా మామగారు వారాల తరబడి పోయేవారట. నేను అడిగింది నాలుగు రోజులు!

పాలు పోసి కూడబెట్టిన డబ్బు డబ్బాలో ఉంది. ఇంటిపని తోటికోడలు చూస్తానంది. పచ్చడి, నువ్వుల పొడి, పల్లీల పొడి సీసాల్లో నింపి పెట్టాను. దారికి దశమీలు చేసుకున్నాను. మీలో తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, కిన్వట్ వైపు మా చుట్టాలు చేసే రొట్టె ఇది. గోధుమపిండిలో కాస్త జొన్నపిండి, ఉప్పు కలిపి, నీళ్లు పోయకుండా పాలతోనే తడిపి చేస్తారు. మర్నాటికి కూడా మెత్తగా ఉంటాయి. పల్లీల పొడితో తింటే కూర అక్కర్లేదు. ప్రయాణానికి ఇంతకన్నా మంచిది నాకు తెలియదు.

బోథ్ ఎక్స్ రోడ్డు దగ్గర హైదరాబాద్ బస్సు ఎక్కాను. కాచిగూడలో రాత్రి బండి. బెంగుళూరులో అమ్మాయి కలిసింది, మళ్లీ మైసూరుకి ఇంకో బండి. ఒక్కదాన్నే అంత దూరం వెళ్లడం అదే మొదలు. కిటికీ పక్కన కూర్చుంటే భయం కన్నా హాయే ఎక్కువగా ఉంది, దాచడమెందుకు!

కచేరీ మైసూరు విశ్వవిద్యాలయం మానసగంగోత్రిలోని ఆరుబయట రంగస్థలంలో. జనంలో సగం తలలు నెరిసినవే. నా పక్కన హాసన్ నుంచి వచ్చినావిడ. ఆమెకు తెలుగు రాదు, నాకు కన్నడం రాదు. నా దశమీలు ఆమె తింది, ఆమె మల్లెపూలు నేను పెట్టుకున్నాను.

జానకమ్మ వచ్చారు. 79 ఏళ్ల చిన్న మనిషి. చేతులు ఊపడం, మొహంలో హావభావాలు చూపించడం మొదటినుంచీ ఆమెకు లేదు కదా, ఉన్నదంతా గొంతులోనే. వయసు తెలుస్తూనే ఉంది. కొన్నిచోట్ల ఊపిరి పట్టడానికి క్షణం ఎక్కువ పట్టేది. ఆ క్షణంలో జనం పాటందుకునేవాళ్లు. ఇంకా పాడగలిగిన మనిషి ఎందుకు ఆపేస్తున్నారని నా వెనక ఒకాయన బాధపడ్డాడు. నాకు అలా అనిపించలేదు. ఎప్పుడు చాలించాలో తనే నిర్ణయించుకున్న ఆడమనిషిని నేను మా చుట్టుపక్కల చూడలేదు. మా అమ్మ చెయ్యి గరిటె వదిలింది ఆసుపత్రి మంచం మీదే. అది తలచుకున్నప్పుడు కళ్లు నిండాయి. పక్కావిడ పాట గురించే అనుకుని నా భుజం తట్టింది.

మధ్యలో చూస్తే మావారి ఫోన్లు మూడు. గుండె గుభేలుమంది. పక్కకు వెళ్లి చేస్తే, "మబ్బు పట్టింది. వాకిట్ల పత్తి మీద పట్టా కప్పినం. నువ్వు పరేషాన్ కాకు" అన్నారు. కాసేపు ఆగి, "ఏం పాడుతుందే? జర ఫోన్ అటు పట్టు" అన్నారు. పట్టాను. ఒక పాట పూర్తిగా విన్నారు, ఖర్చు గురించి మాట్లాడలేదు.

సోమవారం ఇల్లు చేరాను. పట్టా కింద పత్తి తడవలేదు. తోటికోడలికి మైసూరు చీర ఇచ్చాను. అత్తమ్మ దగ్గర కూర్చుని కాళ్లు ఒత్తుతుంటే, "ఏమేం పాడింది?" అని అడిగింది. కన్నడం పాటలు నాకు నోరు తిరగవు. చిన్నప్పటినుంచీ వింటున్న జానకమ్మ తెలుగు పాట ఒకటి మెల్లగా అందుకున్నాను. పెళ్లయ్యాక ఆ ఇంట్లో నేను గొంతెత్తి పాడింది లేదు. గడప దాకా వినబడకూడదని గొంతు బాగా తగ్గించాను.

"గట్టిగ పాడు," అంది అత్తమ్మ. "నాకు చెవులు సరిగ్గ ఇనరావు."