మొవ్వు చూసి మొక్క కొన్నాం

విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లే దారిలో నర్సరీ కనిపిస్తే చాలు, మా చెల్లెలు కారు ఆపించేది. కొత్తగా కట్టుకున్న ఇంటికి పామ్ మొక్కలు కావాలి తనకి. ఎక్కడ ఆగినా ముందు వరసలో అవే: పసుపు కాడల అరెకా, మొదలు ఉబ్బిన బాటిల్ పామ్, ఫాక్స్‌టైల్, ట్రావెలర్స్ పామ్, సైకస్. ఎక్కువభాగం కడియం నుంచి లారీల్లో వచ్చినవేనట.

అరెకా, ట్రావెలర్స్ పామ్ రెండూ మడగాస్కర్‌వి. ఫాక్స్‌టైల్ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌ది. దానికి శాస్త్రీయ నామం పెట్టిందే 1983లో. బాటిల్ పామ్ మారిషస్ దగ్గరి రౌండ్ ఐలాండ్‌ది. పుట్టినచోట అడవిలో మిగిలినవి చాలా కొద్ది. మన కాంపౌండ్ గోడల పక్కన మాత్రం హాయిగా పెరుగుతోంది.

ఒక నర్సరీ పెద్దాయన చెప్పిన మాట దారంతా మా వెంటే వచ్చింది. "ఆకులు నాలుగెండినా పర్లేదమ్మా, ముందు మొవ్వు చూడండి. మొవ్వు పోయిందా, మొక్క పోయినట్టే." నిజమైన పామ్ జాతికి కాండానికి ఒక్కటే మొవ్వు. పొడుగైపోయిందని తల నరికితే మళ్లీ చిగురించదు. అరెకా గుంపుగా పిలకలు వేస్తుంది కాబట్టి ఒక కాండం పోయినా మిగతావి నిలుస్తాయి. డ్రసీనా సంగతి వేరు. చూడ్డానికి పామ్‌లా ఉన్నా ఆ జాతి కాదు కనుక, తల కత్తిరిస్తే పక్క నుంచి కొమ్మలేస్తుంది. ఈ తేడా తెలియక ఎంతమంది ముచ్చటపడి పెంచిన చెట్టును చేజేతులా చంపుకుంటారో!

సైకస్ కూడా పామ్ కాదు. అసలు పూలే పూయని ప్రాచీన కుటుంబం దానిది. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. కుండీల్లో అమ్మేది ఎక్కువగా దక్షిణ జపాన్ రకం. "ఏడాదికోపాలి కొత్తాకులన్నీ ఒక్కసారే లేస్తాయి. నీరెక్కువైతే మొదలు కుళ్లిపోతాది," అన్నాడాయన. గింజలు విషం. కుక్కలున్న ఇంట్లో జాగ్రత్త పడాలి. మన తూర్పు కనుమల్లోనూ సొంత సైకస్‌లున్నాయి. తిరుమల కొండల వైపు పెరిగే పేరిత అంతరించే ప్రమాదంలో ఉన్నందున దాని అంతర్జాతీయ వ్యాపారం మీద కఠినమైన ఆంక్షలున్నాయి. కొండ నుంచి తవ్వి తెచ్చానని ఎవరైనా అమ్మజూపితే కొనకూడదు.

పాలకొండ మీదుగా సీతంపేట చేరాం. 2022 నుంచి ఇది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అక్కడి జీలుగ చెట్టును చూస్తే మా చెల్లెలికి నోట మాట రాలేదు. ఒంటి కాండం, ఆకు చివరలు చేప తోకలా చీలి, పైనుంచి జడల్లాంటి గెలలు వేలాడుతూ ఉంది. ఈ చెట్టు పూత వింతైనది. పై కణుపు దగ్గర మొదలై ఏళ్ల తరబడి ఒక్కో కణుపే కిందికి దిగుతుంది. అడుగు గెల కూడా కాశాక చెట్టు చచ్చిపోతుంది. ఆ గెలల్ని గీసే జీలుగ కల్లు తీస్తారు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానం దీని నీరా మీద పరిశోధన చేస్తోంది. ఇంత అందమైన చెట్టు మన కొండల్లోనే ఉండగా ఊళ్లో వీధుల వెంట క్యూబా రాయల్ పామ్‌లే ఎందుకు నాటుతామో నాకర్థం కాదు.

కొత్తూరు, పాతపట్నం, టెక్కలి దాటి ఉద్దానంలోకి వెళ్లాం. కవిటి వైపు ఒక కొబ్బరితోటలో రైతుతో మాట కలిపితే, మేం అడక్కుండానే మొవ్వు సంగతి వచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరం మీద విరుచుకుపడింది. "కూలినవి కూలిపోనాయి. నిలబడ్డవాటికి మొవ్వు ఇరిగిపోతే ఏటి చేస్తాం? అవీ పోనాయి," అన్నాడు. పెంచిన చెట్టు నిలువునా ఉండి కూడా ఇక కాయదని తెలిసినవాడి మాట అది. నర్సరీలో పాఠంలా విన్నది అక్కడ గుండెకు తగిలింది.

సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మీద మొగలి పొదలు. కాండం నుంచి ఊడల్లాంటి వేళ్లు దిగి ఇసుకను పట్టుకున్నాయి. ఆకులు మెలితిరుగుతూ పైకి లేస్తాయి. పక్కనే ఉన్న గంజాం జిల్లా మొగలి అత్తరుకు పేరుమోసింది. ఆ వాసన మగ పూవుదే. మొగలి కూడా పామ్ కాదు. విరిగినచోట కొమ్మలేస్తుంది, పిలక నాటితే బతుకుతుంది, ఉప్పుగాలికి బెదరదు. సముద్రం దగ్గర ఇల్లున్నవాళ్లకు ఇంతకన్నా నమ్మకమైన మొక్కను నేను చెప్పలేను. ఆకు అంచులకు ముళ్లుంటాయి కాబట్టి నడిచే దారికి దూరంగా నాటాలి.

వరండాకి అరెకా కొన్నాం. నేరుగా ఎండ తగలని వెలుతురు దానికి చాలు. ఉప్పునీరు పోస్తే ఆకు చివరలు ఎండుతాయి. పెరట్లో వెనక గోడ పక్కకి రైతు ఇచ్చిన మొగలి పిలక. జీలుగ కోసం నర్సరీలో ఫిష్‌టైల్ పామ్ అని అడిగాం. పిలకలతో గుంపుగా పెరిగేది ఆగ్నేయాసియా రకం, ఒంటి కాండంది మన కొండలది. మొవ్వు పచ్చగా ఉన్న ఒంటి కాండం మొక్కనే ఎంచుకున్నాం. దాని పండ్ల రసం తగిలితే ఒళ్లు విపరీతంగా దురద పెడుతుంది. అందుకని పిల్లలు ఆడుకునే వైపు కాకుండా బావి అవతల మూలన గొయ్యి తీసి, గెత్తం వేసి నాటాం.