ఆరిపోవడమూ రక్షణే

పని మధ్యలో తెర నల్లబడగానే కంప్యూటర్ పాడైందనుకుంటాం. చాలాసార్లు అది తనను తాను కాపాడుకుంటోంది. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దరికి చేరితే ముందు వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే ఆగిపోతుంది. పక్క రేకు విప్పితే కారణం కంటపడుతుంది: హీట్‌సింక్ రెక్కల మధ్య దుప్పటిలా పేరుకున్న బూడిదరంగు దుమ్ము, హీట్‌సింక్‌నూ తీస్తే దాని అడుగున ఎండి పెళుసెక్కిన థర్మల్ పేస్ట్. ఎంతకాలంగా ఊపిరాడక పనిచేసిందో!

వేడెక్కకుండా ఆగిపోయేవీ ఉన్నాయి కదా అంటారు. నిజమే. బయోస్‌లో వేడి మామూలుగానే కనిపిస్తూ ఆరిపోతుంటే అనుమానం కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మీదికి మళ్లాలి. కానీ మంచి ఎస్‌ఎంపీఎస్‌లోనూ షార్ట్‌ను, అధిక భారాన్ని పసిగట్టి ఆపేసే ఏర్పాటు ఉంటుంది. ఆగడం తెలిసిన యంత్రం మీద కోపమెందుకు? మళ్లీ మళ్లీ బటన్ నొక్కకండి. ప్లగ్ తీసి, మెత్తని బ్రష్‌తో ముందు ఆ దుమ్ము దులపండి.